పొయ్యి వెనక గోడ

నాగర్‌కర్నూలు,
బహుధాన్య సంవత్సరం, కార్తీక శుద్ధ దశమి.

బావగారికి వెంకట్రాములు నమస్కారాలు.

అక్క పోయిన తరువాత మీకు ఇది నా మొదటి ఉత్తరం. ఆమెను మట్టి చేసిన మరునాడు నేను గద్వాలకు వస్తే మీరు గడప అవతలే నిలబెట్టారు. "గోడ అయిందా?" అని ఒక్క మాట అడిగి తలుపు వేసుకున్నారు. అరుగు మీద కాసేపు కూర్చుని లేచి వచ్చాను. ఆ మాటకు జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. ఈ ఉత్తరం అందుకు కాదు.

గద్దె సంగతి రాస్తున్నాను. మన ఇళ్ళలో మనిషిని పూడ్చిన చోట ఏడాది తిరగకముందే గద్దె కట్టాలి. ఆడమనిషి గద్దెకు మొదటి రాయి పుట్టింటివాళ్ళు పెట్టాలి. ఆ రాయి పడకపోతే ఆమె అత్తింటికీ పుట్టింటికీ కాకుండా నడిదోవలో నిలబడి ఉంటుందని మా అమ్మ చెప్పేది. మీరు చదువుకున్నవారు, ఇలాంటివి నమ్మరు. నేను నమ్ముతాను. మా జములక్కకు పుట్టింటివాడంటే ఇప్పుడు నేనొక్కడినే. వచ్చే జ్యేష్ఠంలో సంవత్సరీకం నాటికి ఆ రాయి నా చేతులతో పెట్టనివ్వండి. ఇంతకంటే మిమ్మల్ని ఏమీ అడగను.

ఇక్కడ వకీలు సాబు బంగళా పని ముగిసింది. స్నానాల గది గోడలకని బొంబాయి నుంచి తెప్పించిన పింగాణి పలకలు చాలానే మిగిలాయి. తెల్లవి ఎక్కువ, నీలం పువ్వు వేసినవి కొన్ని. నన్నే తీసుకుపొమ్మన్నారు. గద్దె చుట్టూ వేస్తే వానకు కరగవు, ఎండకు వెలవవు. కృష్ణ తగ్గింది కాబట్టి బీచుపల్లి రేవులో పుట్టి మీద దాటించి బండిలో పంపుతున్నాను. గడ్డి మధ్య సర్దాను. గద్దె సామాను గడప దాటకూడదు గనుక బయటే దింపించండి. వేసేముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. పొడి పలక సున్నంలో తడి అంతా తాగేస్తుంది, ఆ తరువాత పట్టు ఉండదు. సున్నంలో కాస్త బెల్లం నీళ్ళు కలపమనండి.

సుగుణను అడిగానని చెప్పండి. మీ కోడలు అయినా మా అక్కను కన్నకూతురిలా చూసుకుంది.

వెంకట్రాములు


గద్వాల,
మార్గశిర బహుళ తదియ.

నాగర్‌కర్నూలు బంగళా మేస్త్రీ వెంకట్రాములుకు మార్కండేయ రాయునది.

నీ బండి వచ్చింది. ఉత్తరమూ వచ్చింది. నాకు మూడు భాషల్లో చదవడం వచ్చు. బెజవాడ నుంచి వచ్చే మాసపత్రికలు, పట్నం నుంచి వచ్చే ఉర్దూ కాగితాలు, కోర్టు తీర్పులు, శవం దగ్గర చదివే తత్వాలు, అన్నీ చదివాను. ఇంత సిగ్గులేని కాగితం ఇదివరకు నా చేతికి రాలేదు.

మీ అక్క జ్వరంలో పడినప్పుడు నీకు మనిషిని పంపాను. నువ్వు ఆ మనిషితో పంపిన మాట నేను మరిచిపోలేదు. "గోడ కాంగనె వస్త." గోడ అయింది. ఆమె కూడా అయిపోయింది. ఆ చివరి రోజుల్లో వీధిలో బండి చప్పుడైనప్పుడల్లా ఆమె తలుపు వైపు తల తిప్పేది. కట్టెల బండ్లు, అయిజ సంతకు పోయే బండ్లు, శనగల బండ్లు. అన్నిటికీ తిప్పింది. తల తిప్పే శక్తి పోయిన తరువాత కళ్ళు తిప్పింది. నీ బండి ఇప్పుడు వచ్చింది. ఆ గోడకు పట్టగా మిగిలిన పలకలతో వచ్చింది.

ఏ గోడ కోసం నువ్వు రాలేదో, ఆ గోడ తిని వదిలిన ఎంగిలి తెచ్చి ఆమె గద్దెకు అతికించమంటున్నావు. అతికించను. ఆమె మీద మట్టి ఉంది, చుట్టూ తుమ్మకంప ఉంది. అది చాలు. నీ రాయి వద్దు, నువ్వూ వద్దు.

అయితే పలకలను తిప్పి పంపలేదు. తిప్పి పంపితే వాటిని నలుగురికీ చూపించి ఏడుస్తావు, ఆ సుఖం నీకు ఇవ్వను. గడప దాటకూడదన్నావు కాబట్టి నీ బండివాడి చేతనే గడప దాటించాను. ఎక్కడెక్కడ వాడానో విను. ప్రభుదాసు అని ఇక్కడ చర్చి గోడలు కట్టిన మేస్త్రీ ఉన్నాడు, అతణ్ణి పిలిపించాను. మగ్గం గుంటకు లోపల చుట్టూ వేయించాను. మగ్గం మీద కూర్చునే మా అబ్బాయి కాళ్ళకు చెమ్మ తగలడం లేదు, చెదలు పట్టడం లేదు. నీళ్ళు పోసుకునే చోట కాళ్ళ కింద వేయించాను. రోజూ వాటి మీద నిలబడి ఒళ్ళు రుద్దుకుంటాను. బిందెల గట్టు మీద వేయించాను. మామిడికాయ తొక్కు జాడీ కింద ఒకటి, దీపం గూట్లో నూనె కారే చోట ఒకటి, పుస్తకాల పెట్టె పొట్టి కాలి కింద ఒకటి. అంచు విరిగిన దాని మీద కోళ్ళకు నూకలు పోస్తున్నాం. నీ సలహా ప్రకారమే రాత్రంతా నానబెట్టాము. బెల్లం నీళ్ళూ కలిపాము. పని నీకు వచ్చునని నేనెప్పుడూ ఒప్పుకున్నాను. మగ్గం వదిలి ఇంకొకరి గోడల పని పట్టినవాడికి ఆ మాత్రం రాకపోతే ఎట్లా?

మన కులపెద్ద బాలన్న ఈ సంగతి విని పరుగెత్తుకొచ్చాడు. మీ అక్కకు దవాఖాన వద్దు, దిష్టి తీయిస్తే లేచి కూర్చుంటదని చెప్పిన పెద్దమనిషి అతనే. అరుగు ఎక్కకుండానే, "మార్కండేయా, గద్దె సామాను ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్న? పిల్లలు మసిలే ఇల్లు గాదా?" అన్నాడు.

"గద్దె ఉంటె గదా బాలన్నా గద్దె సామాను. గద్దె లేదు. గందుకే గిది వట్టి సామాను" అన్నాను.

అతను తలపాగా సర్దుకుని వెళ్ళిపోయాడు. నువ్వు కూడా అట్లాగే సర్దుకో.

మార్కండేయ


వనపర్తి,
పుష్య శుద్ధ సప్తమి.

బావగారికి వెంకట్రాములు నమస్కారాలు.

నాగర్‌కర్నూలు నుంచి ఇంటికి వచ్చేశాను. మీ ఉత్తరం ఇక్కడ అందింది. మా ఇంటామె ఏం రాశారని అడిగితే, అందరూ బాగున్నారని చెప్పాను.

బండి చప్పుడు సంగతి నాకు తెలియదు. మీరు రాయకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. రాశారు. ఇప్పుడు మా వీధిలో బండి పోయినప్పుడల్లా నా తల కూడా తలుపు వైపు తిరుగుతోంది. మీరు కోరుకున్నది అదే అయితే అది జరిగింది.

పలకలు మీ ఇష్టం బావగారూ. మగ్గం గుంటలో వేయండి, కాళ్ళ కింద వేసుకోండి, కోళ్ళకు మేత పోయండి. ఒక్కటే మనవి. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకండి. పొయ్యి వెనక గోడకు అసలే వద్దు. గద్దెకని మొక్కుకుని పంపిన వస్తువును అగ్ని ఎదుట నిలబెట్టడం ఎక్కడా లేదు. రేపు సంవత్సరీకానికి పెద్దలకు వండేది కూడా ఆ పొయ్యి మీదే. పైగా మేస్త్రీగా చెబుతున్నాను, వేడికి ఆ పూత పగులుతుంది. పనికి రాకుండా పోతుంది. నా మాట మీరు వినరని తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

గద్దె రాయి విషయం మళ్ళీ అడుగుతున్నాను. నా మీద కోపం నా మీదే ఉంచండి. ఆమె నడిదోవలో నిలబడవలసిన పని ఏమిటి? బీచుపల్లి దగ్గర మంచి నాపరాయి చూసి పెట్టాను. మీరు ఊఁ అంటే చాలు.

వెంకట్రాములు


గద్వాల,
మాఘ శుద్ధ త్రయోదశి.

వెంకట్రాములుకు మార్కండేయ రాయునది.

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. సాయంత్రానికి ప్రభుదాసుకు కబురు పంపాను. వారం తిరగకుండా పొయ్యి వెనక గోడకు కింది నుంచి అటక దాకా మిగిలిన పలకలన్నీ వేయించాను. నీలం పువ్వువి నడుమ వచ్చేట్టు నేనే దగ్గరుండి పేర్పించాను. అగ్ని ఎదుట, సరిగ్గా నువ్వు వద్దన్న చోట.

మేస్త్రీగా చెబుతున్నావట. వేడికి పగులుతుందట. ఆ పలకలను సీమదేశాల్లో బట్టీలో పెట్టి నిప్పుల్లో కాల్చి చేస్తారని చిన్న పిల్లల పత్రికలో కూడా రాశారు. అగ్గిలో పుట్టినది మా జొన్నరొట్టె సెగకు పగులుతుందా? నీకు అబద్ధం చెప్పడం కూడా సరిగా రాదు. పోనీ శాస్త్రమైనా సరిగా చెప్పావా అంటే అదీ లేదు. గద్దె సామాను అగ్ని ఎదుట పెట్టరాదని ఏ పుస్తకంలో ఉందో రాసి పంపు. చదివి, ఆ పుస్తకం కూడా పొయ్యిలో పెడతాను.

ఆ గోడ సంగతి నీకు తెలియదు. మీ అక్క ప్రతి శుక్రవారం దాన్ని ఎర్రమట్టితో అలికేది. మళ్ళీ శుక్రవారానికి అది నల్లగా తయారయ్యేది. పొయ్యి చల్లారకముందే మొదలుపెట్టేది కాబట్టి చేతులు చురుక్కుమంటుంటే చీర కొంగు తడిపి చుట్టుకునేది. నలభై ఏళ్ళు అట్లా మసికీ మట్టికీ మధ్య యుద్ధం చేసింది. ఏ పక్షమూ గెలవలేదు. గోడను వదిలెయ్యమని, నల్లగోడ వల్ల అన్నం ఉడకడం ఆగదని నేను వందసార్లు చెప్పాను. ఇప్పుడు సుగుణ రాత్రి గిన్నెలు కడిగిన తరువాత ఒక తడిగుడ్డ వేసి అటూ ఇటూ తుడుస్తుంది. మసి గుడ్డకు వస్తుంది. గోడ తెల్లగా మెరుస్తుంది. దీపం పెడితే ఇల్లంతా రెండు దీపాలు పెట్టినట్టుంటుంది.

మొదటి రోజు తుడిచి వెనక్కి జరిగి నిలబడి, "మామా, అత్తమ్మ ఉంటె ఎంత సంబురపడేదో" అన్నది.

"అత్తమ్మ లేదు గదా. నువ్వు సంబురపడు, సరిపోతది" అన్నాను. సుగుణ పొయ్యిలో బూడిద తీస్తూ కూర్చుంది.

నువ్వు వచ్చి చూస్తే కడుపు మండేది. నిన్ను రానివ్వను కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను. నీ రాయి మాట మరిచిపో.

మార్కండేయ


వనపర్తి,
ఫాల్గుణ శుద్ధ విదియ.

బావగారికి వెంకట్రాములు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. కోప్పడుతూ జవాబు రాయాలని కూర్చున్నాను, చేతకావడం లేదు.

కింది నుంచి అటక దాకా వేయించారా? నేను సగం గోడకే వస్తాయనుకున్నాను. నీలం పువ్వువి నడుమ పెట్టించడం మంచి పని. పొయ్యి మీద కుండ దించేటప్పుడు కళ్ళు సరిగ్గా అక్కడికే పోతాయి. సుగుణకు చెప్పండి, తడిగుడ్డతోనే తుడవాలి. బూడిద వేసి తోమవద్దు, మెరుపు పోతుంది. ఇసుక అసలే వద్దు. అతుకుల దగ్గర సున్నం కాస్త లోపలికి ఉందేమో వేలితో తడిమి చూడమనండి. అట్లా ఉంటే అక్కడ మసి చేరుతుంది. ప్రభుదాసుకు చెబితే ఒక పూటలో నింపుతాడు.

సుగుణ అన్న మాట రెండు మూడుసార్లు చదువుకున్నాను. ఇల్లంతా రెండు దీపాలు పెట్టినట్టుంది అని మీరు రాసింది కూడా.

మొన్నటి నుంచి నాకు నిద్ర బాగా పడుతోంది. రాత్రి బండ్లు పోయినా మెలకువ రావడం లేదు. ఎందుకో తెలియదు. మీరు ఆరోగ్యం చూసుకోండి. మగ్గం గదిలో చలిగాలి తగలకుండా చూసుకోండి.

వెంకట్రాములు


గద్వాల,
ప్రమాది సంవత్సరం, చైత్ర శుద్ధ ఏకాదశి.

వెంకట్రాములుకు మార్కండేయ రాయునది.

చీర మీద చెయ్యి వేసి పోనిస్తే, కంటికి కనపడకుండా తప్పిన పోగు వేలికి తగులుతుంది. నీ ఉత్తరం అట్లా తగిలింది. పండుగ పోయేదాకా దాన్ని పక్కన పెట్టుకుని చదివాను. అందులో ఏడుపు లేదు. బతిమాలడం లేదు. గద్దె మాట ఒక్కసారైనా లేదు. పొయ్యి దగ్గర వద్దే వద్దన్నవాడివి, పెట్టానని రాస్తే, ఎట్లా తుడవాలో నేర్పుతున్నావు. నిద్ర బాగా పడుతోందని కూడా రాశావు.

నువ్వు సంతోషపడ్డావు వెంకట్రాములూ. ఎందుకు పడ్డావో నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం లేదు. నా ఇంటి గోడ ఒకటి తలుచుకుని నువ్వు వనపర్తిలో హాయిగా నిద్రపోవడం నేను ఒప్పుకోను. మీ అక్కకు ఆ చివరి రోజుల్లో పట్టని నిద్ర నీకు ఎందుకు పట్టాలి?

ప్రభుదాసును పిలిచి పలకలు పీకెయ్యమన్నాను. అతను గోడ చూశాడు, నన్ను చూశాడు. "పెట్టుమంటె పెట్టిన పెద్దయ్యా. పీకుడు నాతోని గాదు" అన్నాడు. ఇచ్చిన కూలి మాట ఎత్తబోతే చేతులు జోడించి పోయాడు. ఈ ఊళ్ళో అందరికీ నా ఎదుటే ధర్మం గుర్తుకు వస్తుంది.

గడ్డపార తీసుకుని నేనే మొదలుపెట్టాను. నువ్వు చెప్పిన బెల్లం సున్నం పట్టు గట్టిదే. ఒక్క పలక కూడా పూర్తిగా ఊడలేదు. అన్నీ ముక్కలై వచ్చాయి. నడుమవి, పువ్వువి, చివర్న వచ్చాయి. సుగుణ చంకన పిల్లను పెట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. నేను పని ముగించిన తరువాత, "గోడ ఏం జేసింది మామా?" అని ఒక్కటే అడిగింది. ముక్కలన్నీ గంపకెత్తి ఎక్కడో పెట్టింది. పారేయమన్నాను. పారేసిందో లేదో అడగలేదు.

ఇప్పుడు గోడ మునుపటి లాగే ఉంది. మునుపటికంటే గుంటలు ఎక్కువ. మసి మళ్ళీ పడుతోంది. సుగుణ శుక్రవారం ఎర్రమట్టి కలుపుతోంది.

నిద్ర బాగా పడుతోందా?

మార్కండేయ


వనపర్తి,
వైశాఖ శుద్ధ షష్ఠి.

బావా,

గారు అని రాయడం ఈ ఒక్క ఉత్తరానికి నా వల్ల కాదు. చదివి చింపెయ్యండి.

పోయిన ఏటి ఉగాది తరువాత అక్క వనపర్తికి మా ఇంటికి వచ్చింది. మీకు గుర్తుండే ఉంటుంది, పంపడానికి మీరు చాలా గొణిగారట. అప్పటికి ఆ పలకల పెట్టెలు మా అరుగు మీదే ఉన్నాయి, బంగళాకు ఇంకా చేరలేదు. అక్క ఒకటి తీసి కొంగుతో తుడిచి చూసుకుంది. రాత్రి దాన్ని మా పొయ్యి వెనక ఆనించి పెట్టింది. పొద్దున మసి పట్టిన పలకను తడిగుడ్డతో ఒక్కసారి తుడిచింది. అది తెల్లగా వస్తే చిన్నపిల్లలా నవ్వింది. నీలం పువ్వు మీద వేలు పెట్టి చాలాసేపు అట్లాగే కూర్చుంది.

"తమ్మీ, గివి మిగిల్తె నాకు పొయ్యెనక గోడకు పంపురా. అలికి అలికి నా చేతుల తోలు పోయింది" అన్నది. చేతులు చూపించింది. నేను చూశాను. నలభై ఏళ్ళు ఆ చేతుల పక్కనే ఉండి మీరు యుద్ధం అని రాశారు.

"బావ నా సొమ్ము తీస్కుంటడా అక్కా?" అని అడిగాను.

అప్పుడు ఆమె అన్న మాట ఇది. మార్చకుండా రాస్తున్నాను. "ఇస్తనంటె తీస్కోడు. నేను సచ్చినంక నా గద్దెకని పంపు. గద్దెకు పెట్టడు, ఇంట్లకు తెచ్చుకుంటడు. పొయ్యికాడ మాత్రం పెట్టకు బావా అని రాయి. గప్పుడు సూడు, గక్కడనే పెడతడు." ఇట్లా అని కడుపు పట్టుకుని నవ్వింది. మా ఇంటామె కూడా నవ్వింది. అందరం నవ్వుకున్నాం. అది పరాచికమే బావా. ఆమెకు అప్పుడు జలుబు కూడా లేదు.

రెండు నెలలు తిరగకుండా మీ మనిషి వచ్చాడు. నేను రాలేదు. జ్వరమే కదా, తగ్గుతుందనుకున్నాను. గోడ తడి మీద ఉంది, వదిలేస్తే వంకర వస్తుందనుకున్నాను. దీనికి జవాబు లేదని మొదటి ఉత్తరంలోనే రాశాను.

పలకలు పంపినప్పుడు నేను రెండు మనసులతో పంపాను. మీరు గద్దెకు పెడితే నా విధి తీరుతుంది. పెట్టకుండా ఇంట్లోకి తెస్తే అక్క మాట నిజమవుతుంది. ఇంట్లోకి తెచ్చారు. అక్క చెప్పినట్టే పొయ్యి దగ్గర వద్దని రాశాను, వేడికి పగులుతాయని అబద్ధం కూడా ఆడాను. అక్కడే పెట్టారు. మీ ఉత్తరం చదివి నేను ఒంటరిగా కూర్చుని నవ్వాను, ఏడ్చాను. ఆమె అడిగింది ఒకటైనా చేయగలిగాననుకున్నాను. ఆ సంతోషం దాచుకోవడం చేతకాలేదు. అది నా తప్పు. మీరు ఉత్తరాలను కూడా పోగు పోగు తడిమి చదువుతారని మరిచిపోయాను.

ఇప్పుడు అడిగేదేమీ లేదు. నాపరాయి బీచుపల్లిలోనే ఉంది. ఉండనివ్వండి.

వెంకట్రాములు


గద్వాల,
జ్యేష్ఠ శుద్ధ ద్వితీయ.

చిరంజీవి వెంకట్రాములుకు.

నీ ఉత్తరం చింపమన్నావు. చింపలేదు. నీ మాట వినకపోవడం నాకు అలవాటు అని ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది కదా.

నేను ఎన్ని పుస్తకాలు చదివానో నీకు చెప్పి ఉన్నాను. మీ అక్క నన్ను చదివినంత శ్రద్ధగా నేను ఏ ఒక్క పుస్తకాన్నీ చదవలేదు. ఆమెకు అక్షరం రాదు. పలకలు ఎక్కడ పెడతానో ఆమె చెప్పింది. పీకేస్తానని మాత్రం చెప్పలేదు. నాలో అక్కడి దాకా చదివిందో లేదో, చదివి నీకు చెప్పలేదో తెలియదు. రాత్రిళ్ళు అదే ఆలోచిస్తున్నాను. నిద్ర సంగతి నిన్ను ఇక అడగను.

సుగుణ ముక్కలు పారేయలేదు. మగ్గం గదిలో గంపలో, పాత నేత అచ్చుల కింద దాచింది. అడిగితే గంప తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. ప్రభుదాసును పిలవలేదు. అతను రాడు, వచ్చినా నేను తల ఎత్తి చూడలేను. ముక్కల్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టాను. సున్నంలో బెల్లం నీళ్ళు కలిపాను. ఏ ముక్క పక్కన ఏ ముక్కో వెతికి నేనే గోడకు పెట్టాను. చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో వంట వాకిట్లో రాళ్ళ పొయ్యి మీద జరిగింది. బాలన్న ఒకరోజు అటు పోతూ ఆగి, "మళ్ల ఏంది మార్కండేయా ఇది?" అన్నాడు. "గద్దె కడుతున్న" అన్నాను. అతను అరుగు మీద కూర్చోబోయి, కూర్చోకుండా వెళ్ళాడు.

పువ్వు పలకల్లో ఒకటి మాత్రమే సరిగా కుదిరింది. మిగతావాటిలో సగం రేకలు దొరకలేదు. అక్కడ తెల్ల ముక్కలు పెట్టాను.

బహుళ ఏకాదశికి సంవత్సరీకం. ఒక రోజు ముందే రా. నాపరాయి తీసుకురా. పుట్టివాడికి బరువు ముందే చెప్పు, లేకపోతే రేవులో నిలబెడతాడు. మొదటి రాయి నువ్వే పెట్టు. గడప బయట నిలబడవద్దు. పలకల పేరుతో ఇంకేమీ తేవద్దు.

ఇది చదివి మనం సమాధానపడ్డామని అనుకునేవు. నువ్వు రాలేదన్న మాటలో ఒక్క అక్షరం కూడా నేను వెనక్కి తీసుకోను. ఆమె తల తిప్పింది నిజం. బండ్లన్నీ వేరేవాళ్ళవి కావడం నిజం. నువ్వు నా ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా అది నిజమే.

నూలు చీర ఒడలికి పట్టు అంచు కలిపి, ఎక్కడ కలిసిందో కొన్నవాళ్ళు ఎండలో పెట్టి వెతికినా కనపడకుండా నేసిన చేతులు ఇవి. ఈ గోడ మీద ఒక్క అతుకు కూడా దాచలేకపోయాయి. సుగుణ రోజూ రాత్రి తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. పలకల మీద మసి పోతుంది. అతుకుల్లో మసి పోదు.

బావ